మాన్‌హోల్‌లోకి మనిషి ఎందుకు దిగాడు? జెట్టింగ్ మిషన్ వెనక రెండు వేల ఏళ్ల కథ

ముందే చెప్పేస్తున్నా, ఇది అన్నం తింటూ చూసే ఎపిసోడ్ కాదు. తినేసి చెయ్యి కడుక్కుని రండి, నేనిక్కడే ఉంటా.

వచ్చేశారా? సరే. హైదరాబాద్‌లో గట్టి వాన పడ్డ మర్నాడు ఏదో ఒక గల్లీలో మీకు ఈ బండి కనిపిస్తుంది. చిన్న లారీ, దాని మీద నీళ్ళ ట్యాంకు, వెనకాల పెద్ద చక్రానికి చుట్టిన పైపు, పక్కన మాట వినపడనంత మోత. పైపు చివర పిడికిలంత ఇనప ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని మాన్‌హోల్‌లోకి వదిలితే, ఎవరూ తొయ్యకుండానే అది పాములా లోపలికి పాకుతూ పోతుంది. పది నిమిషాల్లో రోడ్డు మీద నిలిచిన మురుగు గుడగుడమని లోపలికి దిగిపోతుంది. జనం ఒకసారి చూసి, ముక్కు మూసుకుని వెళ్ళిపోతారు.

దీన్ని జెట్టింగ్ మిషన్ అంటారు. కొన్ని ఏరియాల్లో ఎయిర్‌టెక్ మిషన్ అని కూడా అంటారు. ఒక పంపు, ఒక పైపు, ఒక నాజిల్. ఇంతే. రాకెట్ సైన్స్ ఏమీ లేదు అందామంటే కొంచెం ఉంది, దాని గురించి తర్వాత చెప్తా. నన్ను ఈ సబ్జెక్టులోకి లాగిన ప్రశ్న వేరే. ఈ మూడూ మన తాతల కాలం నుంచి ప్రపంచంలో ఉన్నాయి. మరి మన దేశంలో మొన్నటిదాకా, చాలా చోట్ల ఈ రోజుకీ, ఆ గోతిలోకి నడుముకి తాడు కట్టుకుని మనిషి ఎందుకు దిగుతున్నాడు?

దీనికి జవాబు ఇంజినీరింగ్ పుస్తకంలో సగమే ఉంది. మిగతా సగం చరిత్రలో ఉంది.

అసలు లైన్ ఎందుకు జామ్ అవుతుంది?

ముందు బేసిక్స్. మంచినీళ్ళ పైపులో ప్రెషర్ ఉంటుంది. మురుగు పైపులో ఉండదు. అది వాలు మీద, భూమి లాగుతుంటే మెల్లగా నడిచే వ్యవహారం. పైపు నిండుగా పారకూడదు, పైన గాలికి చోటుండాలి. ఇంజినీర్లు ఇక్కడ ఒక లెక్క పెట్టుకున్నారు. మురుగు కనీసం సెకనుకి 0.6 మీటర్ల వేగంతో పారాలి. అంతకన్నా మెల్లగా పారితే ఇసుక, మట్టి, మలం అడుగున కూర్చుంటాయి. ఆ వేగం ఉంటే పైపు తనను తానే కడుక్కుంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన బాధే. క్యూ ఖాళీ అవుతున్నంతసేపూ అంతా బాగుంటుంది. ఒక్క చోట స్లో అయితే దాని వెనకాల అన్నీ పేరుకుంటాయి. పేరుకున్న కొద్దీ ఇంకా స్లో అవుతుంది. మురుగు లైన్ కూడా అంతే. ఒక ఇటుక ముక్క అడ్డం పడుతుంది, దానికో గుడ్డ చుట్టుకుంటుంది, ఆ గుడ్డకి నూనె అంటుకుంటుంది.

ఈ నూనె సంగతి కొంచెం చెప్పాలి. వేడివేడి నూనె సింకులో పోస్తే నీళ్ళలాగే జారిపోతుంది, ఇక మనకి సంబంధం లేదనుకుంటాం. లోపల చల్లబడ్డాక అది గడ్డ కడుతుంది. మురుగులో ఉండే కాల్షియంతో కలిసి గట్టి సబ్బులా మారుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద ఇలాంటి గడ్డ ఒకటి దొరికింది. 250 మీటర్ల పొడవు, దాదాపు 130 టన్నుల బరువు. దాన్ని కదిలించడానికి హై ప్రెషర్ జెట్లతో, పారలతో వారాల తరబడి పనిచేశారు. అందులో ఒక ముక్కని తీసుకెళ్ళి మరుసటి ఏడాది మ్యూజియంలో పెట్టారు. నిజంగానే. జనం క్యూ కట్టి చూశారు.

నీళ్ళతోనే కడగాలని అందరికీ తెలుసు

మురుగు కాలవని నీళ్ళ బలంతో కడగడం కొత్త ఆలోచన అనుకుంటాం. కాదు. మురుగు కాలవ ఎంత పాతదో ఆ ఆలోచనా అంత పాతది.

రోమ్ నగరంలో క్లోయాకా మాక్సిమా అనే పెద్ద కాలవ ఉండేది. క్రీస్తు పూర్వం 33లో అగ్రిప్ప అనే అధికారి రోమ్ కాలవలన్నీ బాగుచేయించి, వాటిలో పడవెక్కి తిరిగాడని పాత రచయితలు రాశారు. వాటిలోకి ఏకంగా ఏడు ప్రవాహాలు మళ్ళించారట. తర్వాత క్రీస్తు శకం మొదటి శతాబ్దం చివర్లో ఫ్రాంటినస్ అనే ఆయన రోమ్ నీటి సరఫరాకి పెద్ద అధికారి అయ్యాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వాటర్ బోర్డు ఎండీ. తొట్లు నిండి పొర్లిపోయే నీళ్ళు దండగ కావని, ఊరి కాలవలు కడగడానికి పనికొస్తాయని ఆయన రాసిపెట్టాడు.

ఇక్కడి నుంచి లండన్‌కి దూకుదాం. 1840లకి ముందు లండన్ కాలవలు చాలా వరకు అడుగు చదునుగా ఉండేవి. నీళ్ళు పలచగా పరుచుకుని పారేవి, బురద అడుగున నిలిచిపోయేది. ఏళ్ళకేళ్ళు పేరుకున్నాక రోడ్డు తవ్వేవాళ్ళు, కాలవ పైకప్పు పగలగొట్టేవాళ్ళు, మనుషులు దిగి బక్కెట్లతో తోడేవాళ్ళు. తోడింది రోడ్డు మీదే కుప్ప పోసేవాళ్ళు.

అప్పుడు జాన్ రో అనే సర్వేయర్ ఒక చిన్న మార్పు చేశాడు. కాలవలో అక్కడక్కడ ఇనప తలుపులు పెట్టాడు. తలుపు మూస్తే వెనక నీళ్ళు నిండుతాయి. నిండాక ఒక్కసారి తెరిస్తే ఆ ఊపుకి అడుగున కూర్చున్న బురద అంతా కొట్టుకుపోతుంది. కాలవ ఆకారం కూడా కోడిగుడ్డుని నిలబెట్టినట్టు, కింద సన్నగా పైన వెడల్పుగా ఉండాలని గట్టిగా చెప్పాడు. కింద సన్నగా ఉంటే కొద్ది నీళ్ళు కూడా లోతుగా, వేగంగా పారతాయి. 1842లో ఎడ్విన్ చాడ్విక్ రాసిన ప్రసిద్ధ పారిశుధ్య నివేదిక ఈ పద్ధతిని తెగ మెచ్చుకుంది.

కానీ ఒక్కటి ఆలోచించండి. కడిగింది ఎక్కడికి పోతుంది? థేమ్స్ నదిలోకి. ఊళ్ళో వాళ్ళు తాగే నీళ్ళు చాలావరకు ఎక్కడివి? ఆ నదివే. 1848, 1849లలో లండన్‌లో కలరా వచ్చి సుమారు 14,000 మంది చనిపోయారు. చెడ్డ గాలి వల్ల జబ్బొస్తుందని నమ్మిన పెద్దలు, గాలి శుభ్రం చేద్దామని మురుగంతా చకచకా నదిలోకి కడిగించారు. విషాన్ని తీసుకెళ్ళి తాగే నీళ్ళలో కలిపారన్నమాట. 1858 ఎండాకాలంలో నది కంపుకి పార్లమెంటు భవనంలో కూర్చోలేకపోయారు. అప్పటికి గానీ డబ్బు శాంక్షన్ కాలేదు. జోసఫ్ బజల్గెట్ ఊరి కింద పెద్ద కాలవలు కట్టి మురుగుని నగరం దాటించాడు. కంపు నాయకుల ముక్కుకి తగిలాక ఫైలు ఎంత వేగంగా కదులుతుందో చరిత్ర అప్పుడే చెప్పింది.

పారిస్ చెక్క బంతి

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన మెషీన్ పారిస్‌ది. దానికి ఇంజినూ లేదు, కరెంటూ లేదు.

1850ల నుంచి పారిస్ కాలవలు కట్టించిన ఇంజినీరు యూజీన్ బెల్‌గ్రాండ్. కాలవ పెద్దది, ఇసుక ఎక్కువ. ఏం చేశారంటే, కాలవ వెడల్పుకి దాదాపు సరిపోయే తలుపున్న బండ్లు, పడవలు తయారుచేశారు. తలుపు నీళ్ళలోకి దించితే ప్రవాహానికి అడ్డం పడుతుంది. వెనక నీళ్ళ మట్టం పెరుగుతుంది. తలుపు కింద, పక్కన ఉన్న సన్నని సందుల్లోంచి నీళ్ళు జెట్‌లా చిమ్ముతాయి. ఆ జెట్ ముందున్న ఇసుకని లేపి తోసేస్తుంది. వెనకున్న నీళ్ళ బరువు బండిని కూడా మెల్లగా ముందుకి నెడుతుంది.

ఇక సీన్ నది కింద నుంచి వెళ్ళే పైపు ఉంది. అందులోకి మనిషీ దూరలేడు, బండీ దూరదు. అక్కడ పైపు కన్నా కొంచెం చిన్నదైన చెక్క బంతిని వదిలారు. చెక్క తేలుతుంది కాబట్టి పైపు పైభాగానికి ఆనుకుని దొర్లుతుంది. నీళ్ళు పోవడానికి దాని కింద సన్నని సందు మాత్రం మిగులుతుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది. ఆ వేగానికి అడుగున ఉన్న బురద అంతా లేచి అవతలి ఒడ్డుకి పోతుంది. బంతి కూడా అక్కడ తేలుతుంది. తీసుకొచ్చి మళ్ళీ వాడుకోవడమే.

మొక్కలకి నీళ్ళు పోస్తూ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టని తెలుగువాడు ఉండడు. ఆ బంతి చేసిన పని మీ బొటనవేలు చేసే పనే.

వెనక్కి చిమ్మి ముందుకి పోయే నాజిల్

ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. అప్పటికి ఊళ్ళ కింద చిన్న పైపులు వేల కిలోమీటర్లు పరుచుకున్నాయి. వాటిలో అడ్డం తియ్యడానికి ఉన్నది కర్ర. మన దగ్గర వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి పొడిచేవాళ్ళు. 1930లలో అమెరికాలోని అయోవాలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన వాషింగ్ మిషన్ మోటారు, స్కేటింగ్ చక్రాలు, ఇనప తీగ కలిపి ఒక యంత్రం కట్టాడు. పైపులోకి చొచ్చుకొచ్చిన చెట్ల వేళ్ళని అది తిరుగుతూ కోసేస్తుంది. రోటో రూటర్ అనే కంపెనీ అలా పుట్టింది. 1950లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ కార్షర్ వేడి నీళ్ళ హై ప్రెషర్ క్లీనర్ తెచ్చాడు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో జెట్‌తో కడిగే బండ్లు, కడిగిన బురదని పీల్చుకునే బండ్లు, రెండూ కలిసిన పెద్ద లారీలు యూరప్, అమెరికాల్లో రోడ్డెక్కాయి.

ఇందాక రాకెట్ సైన్స్ కొంచెం ఉందన్నాను కదా. నాజిల్‌కి రంధ్రాలు చాలావరకు వెనక వైపు ఉంటాయి. నీళ్ళు వెనక్కి చిమ్మితే నాజిల్ ముందుకి పోతుంది. న్యూటన్ మూడో సూత్రం, దీపావళి రాకెట్ కథ.

లెక్క చూద్దాం. మురుగు లైన్లలో వాడే ప్రెషర్ సుమారు 150 బార్ అనుకుందాం. ఐదంతస్తుల బిల్డింగ్ మీద ట్యాంకు నుంచి కింద కుళాయికి వచ్చేది ఒకటిన్నర బార్. అంటే దీనికి వంద రెట్లు. ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ట్యాంకు పెడితే వచ్చే ప్రెషర్ అది. తిరుమల కొండ ఎత్తు కూడా చాలదు. ఆ ప్రెషర్‌కి, నష్టాలేమీ లేవనుకుంటే, నీళ్ళు గంటకి దాదాపు 600 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తాయి. నిమిషానికి 200 లీటర్లు వదిలితే నాజిల్‌ని సుమారు యాభై కిలోల బలంతో లాగినట్టు ఉంటుంది. అందుకే తన వెనకున్న బరువైన పైపుని అదే ఈడ్చుకుంటూ పోతుంది.

ఇంకో తెలివి చూడండి. తెలిసిన ఆపరేటర్ ఎప్పుడూ దిగువన ఉన్న మాన్‌హోల్ నుంచి మొదలుపెడతాడు. నాజిల్ ఎగువకి పాకుతుంది. అడ్డం ఊడిపోయాక పైపుని మెల్లగా వెనక్కి లాగుతాడు. వెనక్కి చిమ్మే జెట్లు బురదని చీపురుతో ఊడ్చినట్టు దిగువ మాన్‌హోల్ దగ్గరికి తెచ్చి పడేస్తాయి. అక్కడ సక్షన్ మిషన్ పెట్టి పైకి తీయాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

మూసీ నుంచి మొదలు

ఇప్పుడు మన ఊరు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ని ముంచేసింది. వేల మంది పోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆయన సలహా నుంచే వచ్చాయని చిన్నప్పుడు చదువుకున్నాం. చదువుకోనిది ఏంటంటే, ఊరికి డ్రైనేజీ కూడా కావాలని ఆయన ప్లాన్ ఇచ్చాడు. నది పొంగితే ఆపడం ఒక ఎత్తు, ఊరి మురుగు నదిలో పడకుండా ఆపడం ఇంకో ఎత్తు.

1931 నాటికి ఆ మురుగు వ్యవస్థ తయారైంది. సుమారు 54 చదరపు కిలోమీటర్లు, నాలుగున్నర లక్షల పైచిలుకు జనాభా కోసం కట్టారు. ఇప్పుడు హైదరాబాద్ జనాభా కోటి దాటింది. పాత బస్తీలో, కోఠి చుట్టుపక్కల చాలా చోట్ల ఊరు పెరిగింది గానీ కింద పైపు అదే సైజు. పైన మూడంతస్తుల హోటల్, కింద తాతల నాటి లైన్. 1989లో వాటర్ బోర్డు ఏర్పడేసరికే ఈ భారం నెత్తి మీద ఉంది.

మరి దీన్ని ఎవరు శుభ్రం చేశారు? ఇక్కడ మన చరిత్ర లండన్, పారిస్ దారి వదిలేసి పక్కకి తిరుగుతుంది. లండన్‌లో కూడా కాలవల్లోకి మనుషులు దిగారు. ఫ్లషర్‌మెన్ అనే పేరుతో, జీతానికి, ప్రమాదంలోకి. కానీ ఆ పని నీ తండ్రి చేశాడు కాబట్టి నువ్వూ చెయ్యాలి అని ఒక కులాన్ని దానికి కట్టెయ్యలేదు. మనం కట్టేశాం. ఉత్తర కోస్తాలో రెల్లి, హైదరాబాద్‌లో మెహతర్, ఇంకా మాదిగ కుటుంబాలు. పాకీ పని అని మన భాషలో దానికో పేరు పెట్టి, ఆ పేరునే తిట్టుగా వాడుకున్నాం. మున్సిపాలిటీలు వచ్చాక ఉద్యోగాల రిజిస్టరులో కూడా అవే కుటుంబాలు ఎక్కాయి. దొడ్లు పోయి పైపులు వచ్చాయి, తట్ట పోయి తాడు వచ్చింది. మనుషులు మారలేదు.

ఖర్చు లెక్క ఒకసారి చూడండి. ఒక వైపు లక్షలు పోసి కొనాల్సిన మిషన్, డీజిల్, ఆపరేటర్. ఇంకో వైపు రోజు కూలికి దొరికే మనిషి, పోయినా పెద్దగా ఎవరూ అడగని మనిషి. ఏ టెండరు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. మిషన్ ఆలస్యంగా రావడానికి కారణం మిషన్ దొరకకపోవడం కాదు. మనిషి ప్రాణం దానికన్నా చవగ్గా దొరకడం.

వాసన ఆగిపోయిన క్షణం

లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలీదు. మురిగిన బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి కన్నా బరువు కాబట్టి గోతి అడుగున కూర్చుంటుంది. బురదలో బుడగలుగా దాక్కుంటుంది. కాలు పెట్టి కదిపితే ఒక్కసారిగా బయటికొస్తుంది.

దీనిలో అసలు మోసం ఏంటంటే, గాలిలో పది లక్షల పాళ్ళకి ఒక వంద పాళ్ళు దాటితే ముక్కు ఆ వాసనని పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుంటాడు మనిషి. ఇంకా పెరిగితే రెండు మూడు ఊపిరుల్లో కుప్పకూలిపోతాడు. పైనున్నవాడు వెంటనే వాణ్ణి లాగుదామని దిగుతాడు. వాడూ పడిపోతాడు. అందుకే ఈ వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు అని ఉంటుంది.

2015 నవంబర్‌లో కేరళలోని కోజికోడ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఒక మాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కార్మికులు పడిపోయారు. వాళ్ళు మన ఆంధ్ర నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్ళినవాళ్ళు. రోడ్డు పక్కన ఉన్న ఒక ఆటో డ్రైవర్, వాళ్ళెవరో తెలీదు, భాష తెలీదు, కాపాడదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు.

ఆ ఘటన కేరళలో కొంతమంది ఇంజినీరింగ్ కుర్రాళ్ళని కదిలించింది. బీటెక్ అయిపోయి, నాలాంటి ఐటీ ఉద్యోగాల్లో ఉన్న వయసు. వాళ్ళు జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్ పెట్టి, మాన్‌హోల్‌లోకి దిగి చేత్తో చేసినట్టే బురద తీసే రోబో తయారుచేశారు. పేరు బ్యాండికూట్, అంటే పందికొక్కు. 2018లో తిరువనంతపురంలో మొదలై తర్వాత వేరే రాష్ట్రాలకీ వెళ్ళింది. బీటెక్ చేసి ఏం పీకావురా అని నన్ను ఎవరైనా అడిగితే నేను ఈ కుర్రాళ్ళ పేరు చెప్పి తప్పించుకుంటా.

చట్టం ఏమంది?

కేజీఎఫ్ అనగానే మనకి రాకీ భాయ్ గుర్తొస్తాడు. నాకు బెజవాడ విల్సన్ గుర్తొస్తారు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో, ఇదే పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దల తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపారు. 2003లో వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది.

1993లో వచ్చిన మొదటి చట్టం చేత్తో ఎత్తే పాయిఖానాలని నిషేధించింది. మురుగు లైన్ల గురించి మాట్లాడలేదు. 2013 చట్టం వాటినీ కలిపింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు లైన్లోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో ఒక సందు మిగిలింది. మాస్కు, గ్లౌజులు, పరికరాలు అన్నీ ఇస్తే అది ప్రమాదకరమైన పని కిందికి రాదు. చేతికి గ్లౌజులు తొడిగి ఫోటో తీస్తే కాగితం మీద పని సేఫ్.

2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు లైన్లు శుభ్రం చేయించడం ఆపాలని ఆదేశించింది. అయినా ప్రభుత్వాలు పార్లమెంటుకి ఇచ్చే లెక్కల్లోనే ఏటా పదుల సంఖ్యలో చావులు కనిపిస్తూనే ఉన్నాయి.

ఎందుకంటే చట్టం ఢిల్లీలో ఉంటుంది, మాన్‌హోల్ మన గేటు ముందు ఉంటుంది. ఒకసారి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డ్రైనేజీ పొంగింది. వాట్సాప్ గ్రూపులో వంద మెసేజీలు. మిషన్ రేపు పొద్దున వస్తుందన్నారు. అరగంటలో ఒకాయన, "అడ్డా మీద నుంచి ఇద్దర్ని తెస్తే గంటలో అయిపోతుంది కదా" అని పెట్టాడు. కింద వరసగా బొటనవేళ్ళు. దాన్ని ఆపింది రిటైరైన ఒక పెద్దాయన మెసేజీ. "దిగినవాడికి ఏమన్నా అయితే కేసు ఎవరి పేరు మీద పెడదాం? పేర్లు ఇవ్వండి." గ్రూపు సైలెంట్. పొద్దున్నే జెట్టింగ్ మిషన్ వచ్చింది, నలభై నిమిషాల్లో పని అయిపోయింది. లోపల నుంచి వచ్చినవి నేల తుడిచే గుడ్డలు, ప్యాడ్లు, గడ్డకట్టిన నూనె. మనం పంపినవే మనకి తిరిగొచ్చాయి. ఆ రాత్రి చట్టం పనిచేసింది, కాకపోతే జాలి రూపంలో కాదు, భయం రూపంలో.

గల్లీకి సరిపోయే బండి

ఇంత చెప్పాక హైదరాబాద్ చేసిన మంచి పని కూడా చెప్పాలి. జెట్టింగ్ బండ్లు మన దగ్గర అంతకుముందూ ఉన్నాయి. కానీ పెద్ద లారీలు. ఎనిమిది అడుగుల గల్లీలో అవి దూరవు. మిషన్ దూరని చోట మనిషి దిగాడు. 2017లో వాటర్ బోర్డు, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ కలిసి 70 మినీ జెట్టింగ్ మిషన్లు రోడ్డెక్కించారు. రెండు మార్పులు చేశారు. మొదటిది, బండిని గల్లీ సైజుకి తగ్గించారు. రెండోది, బండికి యజమానులుగా దళిత యువకులు వచ్చారు. బోర్డు వాటిని అద్దెకి తీసుకుంది. నిన్నటిదాకా ఏ ఇళ్ళ నుంచి మనిషిని గోతిలోకి దించారో, ఆ ఇళ్ళలోని వాళ్ళు బండి ఓనర్లుగా పైన నిలబడ్డారు. 2019లో ఢిల్లీ ఇదే పద్ధతిలో 200 మిషన్లు తెచ్చుకుంది.

అయితే కథ సుఖాంతం అని చెప్పి వెళ్ళిపోను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి వద్దాం. జెట్ బురదని కదిలిస్తుంది, మాయం చెయ్యదు. సక్షన్ మిషన్ లేకుండా ఒట్టి జెట్టింగ్ చేస్తే బురద ఇక్కడి నుంచి పోయి తర్వాతి మాన్‌హోల్‌లో కూర్చుంటుంది. లండన్ వాళ్ళు థేమ్స్‌లోకి తోసినట్టే. అడుగున ఇటుకలు, రాళ్ళు, గట్టిపడ్డ సిమెంటు ఉంటే జెట్ వాటిని పైకి తేలేదు. అప్పుడు "ఒక్క నిమిషం దిగి తీసెయ్" అంటారు. చావులు ఆ ఒక్క నిమిషంలోనే జరుగుతాయి. రోడ్డు మీద తారు వేస్తూ మాన్‌హోల్ మూతలు పూడ్చేస్తే మిషన్ వచ్చినా దారి దొరకదు. ఇంకా, తాగే నీళ్ళకి ట్యాంకర్లు బుక్ చేసుకునే ఊళ్ళో మంచినీళ్ళతో కాలవ కడగడమూ సరి కాదు. మురుగు నీళ్ళనే వడకట్టి మళ్ళీ జెట్‌గా వాడే రీసైక్లర్ బండ్లు ఉన్నాయి, మన దేశంలో కొన్ని నగరాలు తెచ్చుకున్నాయి. అవి పెరగాలి.

2023 కేంద్ర బడ్జెట్‌లో మాన్‌హోల్‌ని మెషీన్‌హోల్ చేస్తాం అన్నారు. పేరు మార్చడం తేలిక. ఆ మూత పక్కన రాత్రి పదకొండింటికి మిషన్ సిద్ధంగా ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మన చేతిలో ఉన్నది చిన్నదే గానీ ఉంది. వాడేసిన నూనె సింకులో పొయ్యకండి, సీసాలో పోసి చెత్త బండికి ఇవ్వండి. ప్యాడ్లు, వెట్ వైప్స్ కమోడ్‌లో వెయ్యకండి. హోటల్ నడిపేవాళ్ళు సిల్ట్ చాంబర్ కట్టించి శుభ్రం చేయించండి. హైదరాబాద్‌లో డ్రైనేజీ పొంగితే వాటర్ బోర్డు నంబరు 155313కి ఫోన్ చెయ్యండి. మీ వీధిలో ఎవరైనా మనిషిని దించబోతుంటే రెండు ప్రశ్నలు అడగండి: మిషన్ ఎక్కడ? దించమని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది ఎవరు? ఈ రెండో ప్రశ్నకి చాలాసార్లు అక్కడున్నవాళ్ళ దగ్గర జవాబు ఉండదు. జవాబు లేకపోతే మూత వేయించండి. మురుగు ఒక రాత్రి రోడ్డు మీద ఉంటే ఎవరూ చావరు.

ఈ ఎపిసోడ్ ఇంతే. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరైనా "ఇద్దర్ని పిలిపిద్దాం" అని రాసిన రోజు దీన్ని అక్కడ పెట్టండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం.